అక్సుంలో మగపెళ్ళివారం

మహూజ్‌లో పట్టుకున్న తలనొప్పి

ఇథియోపియా వెళ్ళొచ్చానని చెప్పగానే సింహాన్ని చూశారా అని అడుగుతున్నారు జనం. నేను సింహాన్ని చూడలేదు. చేతిలో హల్వా డబ్బా పట్టుకుని ఒక పెద్దమనిషి ఇంటి గుమ్మం బయట ఎండలో నిలబడి వచ్చాను. అడిగిన ప్రతివాడికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. అక్సుం చూడాలనుకునే వాళ్ళకి పనికొస్తే సంతోషం. ఆ ఊరికి పెళ్ళి మాటలకి వెళ్ళేవాళ్ళుంటే వాళ్ళకి మరీ పనికొస్తుంది.

మాది నరసాపురం దగ్గర. బహ్రెయిన్‌లో హిద్ వైపు ఓడలు బాగుచేసే యార్డులో స్టోర్సు చూస్తాను. మహూజ్‌లో ముగ్గురం ఒక గదిలో ఉంటాం. ఖాజా భాయ్‌ది కరీంనగర్ పక్క, ఒక అరబ్బు కుటుంబానికి డ్రైవరు. మూడోవాడు మోషే, ఏసీ మెకానిక్కు. దివిసీమ ఉప్పెనప్పుడు ఐదేళ్ళవాడట. ఇంటిల్లిపాదీ పోతే, నీళ్ళలోంచి తీసి వీణ్ణొక్కణ్ణి మిషన్ హాస్టల్లో చేర్చారు. ఆ పేరు హాస్టలు వాళ్ళు పెట్టిందే.

ఈ మోషే ఒక విల్లాలో ఏసీ బాగుచేయడానికి వెళ్ళి, అక్కడ పిల్లల్ని చూసుకునే తిర్హాస్ అనే ఇథియోపియా అమ్మాయిని చూశాడు. ఆ తరవాత ప్రతి శుక్రవారం, అక్కడ సెలవు ఆ రోజే కనక, చర్చిలో చూశాడు. రెండేళ్ళు చూసుకున్నాక ఆ అమ్మాయి కాంట్రాక్టు అయిపోయి ఊరెళ్ళిపోయింది. వెళ్ళిన కొన్నాళ్ళకే కబురొచ్చింది. వాళ్ళ నాన్న వేరే సంబంధం చూస్తున్నాడు. మోషే తరఫున పెద్దమనుషులు వచ్చి అడిగితే ఆలోచిస్తాడు, అదీ ఈస్టరు పండగ లోపల. పెళ్ళికొడుకు తనంతట తను వెళ్ళి అడగకూడదట. వెళ్దామన్నా వీడి పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర. సెలవు మాటెత్తితే, వెళ్తే ఖలాస్, మళ్ళీ రావద్దన్నాడు.

"నాకెవరున్నారు బాబాయ్" అన్నాడు మోషే. ఆ మాటకి ఎదురు ఏం చెప్తాం? ఇంటికెళ్ళడానికి దాచుకున్న సెలవులోంచి పది రోజులు కోసి వీడికిచ్చాను. మా ఆవిడ ఫోనులో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆవిడ తిట్లలో పెద్దది.

ఖాజా భాయ్ మాత్రం పిలవకముందే సంచి సర్దుకున్నాడు. వాళ్ళ ప్రవక్త రోజుల్లో ఆపదలో ఉన్న మనుషులకి చోటిచ్చిన రాజు అక్కడివాడేనట. ఆ నేల ఒక్కసారి తొక్కాలని ఎప్పటినుంచో ఉందట. "దుబాయ్‌కొచ్చి ఇన్నేండ్లాయె, రోడ్డు దప్ప ఏం జూసిన అన్నా" అన్నాడు. ఆయనకి బహ్రెయిన్ కూడా దుబాయే.

పంకాల విమానం దిగి

ఆఫ్రికా అంటే ఎండ అనుకుని చలికోటు తీసుకెళ్ళకపోవడం నా మొదటి తెలివితక్కువ. అక్సుం కొండల మీద ఉంది. మధ్యాహ్నం మాడు మాడిపోతుంది, సాయంత్రానికి పళ్ళు టకటకలాడతాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊరంతా కలిపి ఒక తారు రోడ్డు, దాని మీద గాడిదలు, గుర్రబ్బండ్లు, తెల్ల నూలు శాలువాలు కప్పుకుని తీరిగ్గా నడిచే మనుషులు. మా యార్డులో యల్లా యల్లా అని తరిమే ఫోర్‌మన్ ఇక్కడికొస్తే వారానికి పిచ్చెక్కి పోతాడు.

విమానం దిగిన చోటే హగోస్ మమ్మల్ని పట్టుకున్నాడు. పొడుగ్గా, సన్నగా, నలభై ఏళ్ళుంటాయి. కరువు రోజుల్లో సూడాన్‌లో శరణార్థిగా ఉండి అరబ్బీ నేర్చుకున్నాడు. మా గల్ఫ్ కూలీల అరబ్బీకీ అతని సూడాన్ అరబ్బీకీ ఎలాగో పొత్తు కుదిరింది. తను గైడునన్నాడు. మేము రాళ్ళు చూడ్డానికి రాలేదు, పిల్లనడగడానికి వచ్చామన్నాం. అయితే ఇద్దరు చాలరు, పెద్దమనుషులు ముగ్గురుండాలి, మూడోవాణ్ణి నేనే అన్నాడు. గైడుగిరీ, పెద్దరికం రెండూ ఒకే కూలికి చేసిపెడతాడట. ఏమడిగినా అతని దగ్గర ఒకటే జవాబు, "మాఫీ ముష్కిల్". ఇబ్బందేమీ లేదని. ఆ మాట వినపడగానే ఇబ్బంది మొదలవుతుందని నాకు రెండో రోజుకి తెలిసింది.

మేము వెళ్ళింది వాళ్ళ పెద్ద ఉపవాసాల కాలం. మనకి ఉపవాసమంటే తినకపోవడం. వాళ్ళకి మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి మానేయడం. కోడికూర వాసనైనా లేదు. పొద్దున్నే టీ అడిగితే గ్లాసులో నల్లటి నీళ్ళు తెచ్చి పెట్టారు. పాలేవయ్యా అంటే, పాలా, ఈ రోజుల్లోనా అన్నట్టు చూశాడు హోటలువాడు. పళ్ళెమంత వెడల్పున ఒక అట్టు వస్తుంది, ఇంజెరా అంటారు. మన అట్ల పిండి మూడు రోజులు మరిచిపోతే ఎంత పులుస్తుందో అంత పులుపు. దాని మీద కారప్పొడి దండిగా వేసిన శనగపిండి కూర, పప్పు. కారం మాత్రం మన గోదావరి వాళ్ళు ఒప్పుకోవాల్సిన కారం. బహ్రెయిన్‌లో ఒకడు షవర్మా తిని చాయ్ తాగే ఖర్చుకి ఇక్కడ ముగ్గురం కడుపునిండా తిన్నాం, అదొక్కటే ఊరట. ఖాజా భాయ్‌కి ఈ ఉపవాసం బ్రహ్మాండంగా నచ్చింది. హలాలా కాదా అని ఎవర్నీ అడిగే పని లేదు.

అందరూ ఒకే పళ్ళెంలో తినడం సరే, మా గదిలో అలవాటే. కానీ భోజనం మధ్యలో హగోస్ ఒక పెద్ద ముద్ద చుట్టి నా నోటి దగ్గర పెట్టాడు. అది అక్కడి మర్యాదట. నా పెళ్ళిలో మా ఆవిడ పెట్టిన ముద్ద తప్ప ఇంకొకరి చేతి ముద్ద నేనెరగను. వద్దంటే మనసు కష్టపెట్టుకుంటాడని నోరు తెరిచాను. ఒక్కటి పెడితే శత్రుత్వమట, అందుకని రెండోది పెట్టాడు. ఖాజా భాయ్ గోడ వైపు తిరిగి నవ్వుతూనే ఉన్నాడు.

గుమ్మం బయట

మన వైపు మగపెళ్ళివారంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. గేటు దగ్గరే ఎదురొస్తారు, కాళ్ళకి నీళ్ళిస్తారు, ఫ్యాను కింద కుర్చీలు వేస్తారు. ఉప్మాలో జీడిపప్పు తక్కువైతే మూతి ముడుచుకునే హక్కు మనది. ఆ లెక్కనే నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, బహ్రెయిన్ నుంచి మోసుకొచ్చిన హల్వా డబ్బా పట్టుకుని బయల్దేరాను.

తిర్హాస్ వాళ్ళది ఊరి చివర రాతి ఇల్లు. హగోస్ గేటు బయట నిలబడి గొంతెత్తి పిలిచాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచాడు. మేము నిలబడ్డాం. పక్కనే అరుగు లాంటి రాయి ఉంటే కూర్చోబోయాను, హగోస్ మోచేయి పట్టి లేపాడు. అడగడానికి వచ్చినవాళ్ళు కూర్చోకూడదట. మా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాక పిల్ల తండ్రి బయటికొచ్చాడు. పేరు బెర్హె. తెల్ల శాలువా, చేతిలో కర్ర, మాసిన గడ్డం. హగోస్ చాలాసేపు ఏదో విన్నవించాడు. బెర్హె మమ్మల్ని ఎగాదిగా చూసి నాలుగు ముక్కలన్నాడు. మా పిల్లని ఇవ్వం, వచ్చిన దారిన వెళ్ళండి అని. హల్వా ఇవ్వబోతే నెయ్యి వేశారా అని అడిగించాడు. వేశారన్నాను. ఉపవాసంలో నెయ్యి ముట్టమని చెప్పి తలుపు వేసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కాళ్ళకి నీళ్ళు లేవు సరే, తాగడానికి నీళ్ళు కూడా లేవు. తిరుగుదారిలో హగోస్ మొహం మాత్రం వెలిగిపోతోంది. చాలా బాగా జరిగింది, ఎల్లుండి మళ్ళీ వద్దాం అన్నాడు. ఏం బాగా జరిగిందయ్యా, పొమ్మన్నాడు కదా అంటే, మాఫీ ముష్కిల్ అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. అడిగిన వెంటనే పిల్లని ఇవ్వరని, ఇస్తే ఆ పిల్ల తల్లిదండ్రులకి బరువైందనుకుంటారని, పొమ్మనడం ఆ ఇంటి పరువు కోసమేనని లోకంలో అందరికీ తెలుసునని అతని నమ్మకం. ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే మోషేకి తరవాత వచ్చిన ముప్పు తప్పేది.

రాతి తలుపులు

మధ్యలో దొరికిన రోజున హగోస్ గైడు అవతారం ఎత్తాడు. ఊరి మధ్యనే రాతి స్తంభాలు. ఎప్పటివో, ఏ రాజులవో, కింద సమాధులున్నాయట. అన్నిటికంటే పెద్దది నేల మీద ముక్కలై పడి ఉంది. నిలబెట్టేటప్పుడే పడిపోయి ఉంటుందని అంటారు. మా యార్డులో ఒక ప్రొపెల్లరు ఎత్తడానికి రెండు క్రేన్లు, పది అరుపులు కావాలి. ఇంత రాయిని ఏ ధైర్యంతో ఎత్తారో, పడినప్పుడు కింద ఎవరున్నారో అని కాసేపు కోపం మరిచిపోయి చూశాను. ఇంకొకటి ఇటలీవాళ్ళు పట్టుకుపోయి రోములో నిలబెట్టుకున్నారు. ఆ సంగతి మీద హగోస్ ఎండలో అరగంట తిట్టాడు. మా అమరావతి రాళ్ళూ లండన్‌లో ఉన్నాయని చెప్పాను. అప్పుడు నన్ను కావలించుకుని మళ్ళీ తిట్టాడు, ఈసారి ఇద్దరి తరఫునా.

నిలబడి ఉన్న స్తంభం అడుగున రాతిలోనే తలుపు చెక్కారు. గడియ, తాళం అన్నీ ఉన్నాయి, తెరుచుకోదు. ఈ ఊళ్ళో తలుపుల సంగతి నాకు ముందే తెలుసునన్నాను ఖాజా భాయ్‌తో.

ఊరవతల పొలంలో రైతులకి దొరికిన ఒక శాసనం ఉంది, ఒకే సంగతి మూడు భాషల్లో చెక్కించిన రాజుగారిది. దాన్ని కదిపినవాడికి శాపం తగులుతుందని అందులోనే ఉందట. అందుకని రాయిని కదపకుండా దాని చుట్టూ పాక కట్టారు. పాకకి తాళం. తాళంచెవి ఉన్నాయన చావు ఇంటికి వెళ్ళాడు. ఆయన వచ్చేదాకా గాడిదల్ని చూస్తూ కూర్చున్నాం. మూడు భాషల్లో చెప్పించుకున్న రాజుని చూసి అసూయ పడ్డాను, నా దగ్గర ఉన్నది హగోస్ ఒక్కడే.

కబురు చేస్తామన్నాను

రెండోసారి వెళ్తే గేటు తెరిచారు. వాకిట్లో పచ్చగడ్డి పరిచారు, పీటలు వేశారు. నా మగపెళ్ళివారి ప్రాణం లేచొచ్చింది. తిర్హాస్ తల వంచుకుని మా ఎదురుగా కాఫీ గింజలు వేయించింది. పొగ వస్తున్న పెనాన్ని ఒక్కొక్కరి ముక్కు ముందుకీ తెచ్చి చూపించింది. తరవాత దంచి, మట్టి కూజాలో కాచి, చిన్న చిన్న గిన్నెల్లో పోసింది. నల్లటి కాఫీ, పక్కన వేయించిన బార్లీ గింజలు. పాలు లేకపోయినా అంత మంచి కాఫీ నేను తాగలేదు, అబద్ధమెందుకు.

బెర్హె అబ్బాయి గురించి అడిగాడు. తాగుతాడా, కొడతాడా, దేవుడంటే భయముందా. నేను చెప్పాను, హగోస్ దానికి రెండింతలు చేసి చెప్పాడు. పేరు మోషే అనగానే ముసలాయన కనుబొమలు లేచాయి. హగోస్ అందుకుని, బైబిల్లో మోషే చేసుకున్నదీ మా నేల పిల్లనే కదా అన్నాడు. లోపల్నుంచి తల్లి చిన్నగా నవ్వింది. ఇంత పనికొచ్చే మాట మొదటి రోజు ఎందుకు దాచాడో ఆ దేవుడికే తెలియాలి.

అప్పుడు బెర్హె నా వైపు తిరిగి, మరి మీ మాట ఏమిటి అన్నాడు. మొన్న గుమ్మం బయట మింగిన అవమానం నా గొంతులో ఇంకా అడ్డంగానే ఉంది. వెంటనే ఆబగా తల ఊపితే మగపెళ్ళివారి మర్యాద ఏం కావాలి? మా నాన్న, మా మేనమామలు ఎన్ని ఇళ్ళలో కాఫీలు తాగి లేస్తూ ఏమన్నారో నా నోటి నుంచీ అదే వచ్చింది. వెళ్ళి మాట్లాడుకుని కబురు చేస్తాం అన్నాను. అని గిన్నె కింద పెట్టి లేచాను కూడా.

హగోస్ నోరు తెరుచుకుని నన్ను చూశాడు. తరవాత ఉన్నదున్నట్టు చెప్పాడు, ఆ ఒక్కసారీ ఏమీ కలపకుండా. తల్లి వచ్చి పొయ్యి మీది కాఫీ కూజా తీసి లోపలికి పట్టుకుపోయింది. తిర్హాస్ తల ఎత్తలేదు.

రాణిగారి జలాశయం

మర్నాడు పొద్దున్న ఏదో పూర్వకాలపు మహారాణి స్నానం చేసిందని చెప్పే జలాశయం దగ్గరికి వెళ్ళాం. పచ్చటి నీళ్ళు, చుట్టూ రాతి మెట్లు, పసుపు ప్లాస్టిక్ డబ్బాల్లో నీళ్ళు ముంచుకునే ఆడవాళ్ళు. వాళ్ళలోంచి తిర్హాస్ మా దగ్గరికొచ్చింది. మోషే దగ్గర నేర్చుకున్న తెలుగు, బహ్రెయిన్ హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడింది. ఏడ్చినట్టు కళ్ళు వాచి ఉన్నాయి, కానీ మాట కోపంగానే ఉంది.

"ఎందుకు బాబాయ్, కబురు చేస్తాం అన్నావ్? నాన్న ఇవ్వను అంటే నువ్వు మళ్ళీ అడగాలి. నువ్వే ఆలోచిస్తా అంటే, ఖలాస్, మోషేకి నేను వద్దు అని."

కాఫీ మూడు వాయిలు తాగాలట, మూడోదే ఆశీర్వాదం. నేను మొదటి గిన్నెకే లేచి వచ్చాను. పక్క ఊరు అద్వాలో బట్టల వ్యాపారి తరఫున పెద్దమనుషులు ఇప్పటికే ఒకసారి వచ్చి, మర్యాదగా పొమ్మనిపించుకుని వెళ్ళారు. సోమవారం మళ్ళీ వస్తారు. వాళ్ళ కంటే ముందు, ఆదివారం పూజ అయ్యాక వెళ్ళి గుమ్మం బయట నిలబడి క్షమించమని అడగమంది. తండ్రి లోపలికి పిలిస్తే ఇక మిగిలేది ఒకే ప్రశ్న అంది. పెళ్ళికొడుకు ఏడు తరాల పేర్లు చెప్పాలి. ఇద్దరి పేర్లలో ఎక్కడా చుట్టరికం కలవకూడదు.

నేను నెత్తి పట్టుకున్నాను. ఎక్కడి దివిసీమ, ఎక్కడి అక్సుం. సముద్రాలు దాటి చుట్టరికం ఎలా కలుస్తుంది? అటేడు తరాలు ఇటేడు తరాలు చూడాలని మన ముసలమ్మలూ అంటారు, కానీ అది అనడానికే. వీళ్ళు నిజంగా అడుగుతారు.

యేహా దారిలో

శనివారం గదిలో కూర్చుని గోళ్ళు కొరుక్కోవడం దేనికని హగోస్ మమ్మల్ని యేహా అనే పల్లెకి తీసుకెళ్ళాడు. దారిలో బస్సు టైరు పేలింది, స్పేరు టైరు అంతకు ముందే పేలి ఉంది. డ్రైవరూ ఖాజా భాయ్ ఇద్దరూ చక్రం ముందు గొంతుక్కూర్చుని భాష లేకుండానే కబుర్లాడుకున్నారు. యేహాలో కొండల మధ్య ఒక పాత గుడి ఉంది. క్రీస్తు కంటే చాలా ముందుదట. కప్పు లేదు, నాలుగు గోడలే. సున్నం, మట్టి ఏమీ పెట్టకుండా రాయి మీద రాయి. మధ్యలో బ్లేడు దూర్చి చూశాను, దూరలేదు. మా యార్డులో గాస్కెట్టు వేసి బిగించినా అంత బిగువు రాదు.

ఆ గోడ నీడలో కూర్చుని, నీకు తెలుసా ఏడు పేర్లు అని హగోస్‌ని వెక్కిరింపుగానే అడిగాను. ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. ఏడు దాటి ఇంకా పోతుంటే నేనే ఆపాను. కరువులో సూడాన్ వెళ్ళే దారిలో మనుషులు చెల్లాచెదరయ్యారట. శరణార్థుల క్యాంపులో సాయంత్రాలు ఎవరికి వాళ్ళు తమ పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా అరుచుకుంటూ గుడారాల మధ్య తిరిగేవాళ్ళట. తన అన్న అలాగే దొరికాడు, తల్లి దొరకలేదు. అది చెప్పి గడ్డి పుల్ల నోట్లో పెట్టుకున్నాడు. మాఫీ ముష్కిల్ అనలేదు.

టెలిఫోను ఆఫీసు

సాయంత్రం అక్సుం టెలిఫోను ఆఫీసులో, మూడు సార్లు లైను తెగాక, మహూజ్‌లో మా గది కిందున్న కిరాణా కొట్టు దొరికింది. మోషే అక్కడే కాచుకుని ఉన్నాడు. ఒరే, మీ నాన్న పేరు, తాత పేరు, పైవాళ్ళ పేర్లు ఎన్ని తెలిస్తే అన్ని చెప్పరా అని అరిచాను. లైను పోయిందనుకుని ఇంకా గట్టిగా అరిచాను. పాస్‌పోర్టులో ఉంటుంది కదరా మీ నాన్న పేరు అన్నాను. అది వార్డెన్ గారు రాయించిందన్నాడు.

"మరి ఇంట్లో ఏమనేవారురా ఆయన్ని?"

"నాన్న అనే పిలిచేవాణ్ణి బాబాయ్."

ఒకే గదిలో ఇన్నేళ్ళున్నాం. వాడు కూరలో ఉప్పు ఎంత వేస్తాడో తెలుసు నాకు, ఇది తెలియదు. బిల్లవుతోంది, పెట్టేస్తున్నానని పెట్టేశాను.

ఖాజా భాయ్ బయట మెట్ల మీద కూర్చుని తేలిక దారి చెప్పాడు. "ఏడు పేర్లు మనమే పెడ్దాం అన్నా. వీళ్ళేమన్న దివిసీమ వోయి సూస్తరా?" వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు, మనకి కావాల్సినవి ఏడే. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఏసన్న, సువార్తయ్య, కోటయ్య అంటూ ఒక వంశం కట్టాం. నేను బట్టీ పట్టాను.

ఆదివారం

మళ్ళీ అదే గుమ్మం, అదే ఎండ. ఈసారి నేను అరుగు వైపు చూడలేదు. హగోస్ నా తరఫున ఎంత బతిమాలాడో తెలియదు, చాలాసేపటికి తలుపు తెరిచారు. వాకిట్లో నిలబడ్డాం. బెర్హె పేర్లు అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఆయన చెయ్యెత్తి, ముందు ఈ మాట విను అని హగోస్ చేత చెప్పించాడు.

"పేర్లు అడిగేది నెత్తురు కలవకూడదని ఒక్కటే కాదు. నా కూతురు రేపు మీ దేశంలో ఏడిస్తే, నేను ఎవరి తలుపు కొట్టాలి? తండ్రి లేకపోతే తాత తలుపు, తాత లేకపోతే అతని తమ్ముడి తలుపు. అందుకు అడుగుతాం."

ఏసన్న తలుపు ఎక్కడుందని చెప్పను? ఖాజా భాయ్ వెనకనుంచి చొక్కా లాగుతున్నాడు. నాకు అందరి మీదా కోపమొచ్చింది. మోషే మీద, హగోస్ మీద, ఈ ముసలాయన మీద, అంతమందిని ఒక్క రాత్రిలో పట్టుకుపోయిన ఆ సముద్రం మీద. ఉన్నదంతా కక్కేశాను. పిల్లాడికి పేర్లు లేవు, చెప్పేవాళ్ళందర్నీ నీళ్ళు తీసుకుపోయాయి, తండ్రిని నాన్న అని పిలవడం తప్ప వాడికింకేమీ తెలియదు అన్నాను. హగోస్ చెప్తూ చెప్తూ మధ్యలో ఆగి ముక్కు తుడుచుకున్నాడు.

బెర్హె కర్రతో నేల గీశాడు. అయితే ఎవరి తలుపు అని మళ్ళీ అడిగాడు.

"నా తలుపు కొట్టండి. వాణ్ణి నా కొడుకని రాసుకోండి" అన్నాను. అనాలని అనుకుని వెళ్ళలేదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు.

సినిమాల్లో అయితే ఇక్కడ కౌగిలింతలు ఉండాలి. బెర్హె తల ఊపి, అయితే నీ ఏడు పేర్లు చెప్పు అన్నాడు.

ఏటేటా తద్దినం పెడతాను కనక నాన్న, తాత, ముత్తాత పేర్లు గడగడా వచ్చాయి. అక్కడ ఆగిపోయాను. యాభై ఏళ్ళ మనిషిని, పరీక్ష తప్పినవాడిలా పరాయి వాకిట్లో నిలబడ్డాను. లోపల్నుంచి తల్లి ఏదో అంది. బెర్హె గడ్డం నిమురుకున్నాడు. మిగతావి కనుక్కో, పండగ వెళ్ళాక పెళ్ళి రోజున పిల్లాడే వచ్చి చర్చి ముందు అందరూ వినేలా చెప్పాలి అన్నాడు. నాకు అర్థమయ్యేలోపే లోపల ఆడవాళ్ళు నాలుకలు తిప్పి ఇలిలీ అని కూత పెట్టారు. ఖాజా భాయ్ నా భుజాలు పట్టి పీట మీద కూలేశాడు. కాఫీ మూడు వాయిలూ తాగాను. ఆ రాత్రి కన్ను మూతపడలేదు, అది కాఫీ తప్పే.

తిరిగొచ్చాక

మా ఆవిడకి ఫోను చేసి కొడుకొకడు కలిశాడని చెప్పాను. ఈసారీ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, ఆ అమ్మాయి చీర కట్టుకుంటుందా, జాకెట్టు కొలతలు ఎలా తెలుస్తాయి అని అడిగింది. పాలకొల్లులో మా పెద్దత్తయ్యని పట్టుకుని మిగతా పేర్లు ఆవిడే లాగింది. ముసలావిడ ఒక పేరు రెండుసార్లు చెప్పి, ఒకటి మింగేసి, మూడు రోజులు ఫోను ఖర్చు పెట్టించింది. కఫీల్‌కి ఖాజా భాయ్ వాళ్ళ అరబ్బు చేత చెప్పించి, మోషేకి పండగ తరవాత పదిహేను రోజులు సెలవు ఒప్పించాం.

ఇప్పుడు రోజూ డ్యూటీ నుంచి వచ్చాక, పొయ్యి దగ్గర నేను ఉల్లిపాయలు వేయిస్తుంటే మోషే వెనక నిలబడి పేర్లు అప్పజెప్పాలి. ఖాజా భాయ్ మంచం మీద పడుకుని బెర్హె లాగా గడ్డం నిమురుతూ పరీక్ష పెడతాడు. నా సొంత కొడుకు భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్నాడు, వాడికి తాత పేరు దాటి రాదు. మోషే నయం. ముత్తాతలు, వాళ్ళ తాతలు, నోరు తిరగని పాతకాలపు పేర్లన్నీ నేర్చేసుకున్నాడు. అవి చెప్పేటప్పుడు ఎక్కడా తొట్రుపడడు.

మొదటి పేరు దగ్గరే ఆగిపోతాడు. నేను మోషేని, ఫలానా ఆయన కొడుకుని అని మొదలుపెట్టాలి. ఫలానా ఆయన చోట నా పేరు చెప్పాలి. రోజూ అక్కడికి రాగానే నోరు తెరిచి, నేల చూస్తాడు. నేను వెనక్కి తిరగను. కానీరా, ఆ ముసలాయన ఒప్పుకోడు, మళ్ళీ మొదట్నుంచీ చెప్పు అంటాను.